కాలేయంపై మచ్చ: మాన్పే కణమే ముప్పుగా మారే వైనం

మోచేయి గీసుకుపోతే కొద్ది రోజుల్లో పక్కు కడుతుంది. పక్కు రాలిన చోట ఒక్కోసారి మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ శరీరం తనకు తాను చేసుకున్న మరమ్మతుకు గుర్తు. చర్మం మీద ఉన్నంతవరకు దానివల్ల పెద్ద నష్టం లేదు. అదే మరమ్మతు కుడి పక్కటెముకల మాటున ఉన్న కాలేయంలో ఏళ్ల తరబడి ఆగకుండా సాగితే, ఆ మరమ్మతే వ్యాధిగా పరిణమిస్తుంది. మచ్చ పెరిగే ఈ ప్రక్రియను వైద్యశాస్త్రం ఫైబ్రోసిస్ అంటుంది. తెలుగులో తంతీకరణం అనవచ్చు. అది ముదిరి కాలేయం గట్టిపడి, బుడిపెలు తేలిన దశ సిర్రోసిస్. ఫ్రెంచి వైద్యుడు లెనెక్ 1819లో ఈ పేరు పెట్టాడు. వ్యాధిగ్రస్త కాలేయానికి ఉండే పసుపు గోధుమ వన్నెను తెలిపే గ్రీకు పదం దీనికి మూలం.

మచ్చను కట్టే కణం ఏది? దానిని మేల్కొలిపేది ఏమిటి? మేల్కొన్న కణం మళ్లీ శాంతిస్తుందా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానాలే ఈ పాఠ్యాంశం. మూడో ప్రశ్నకు సమాధానం గత కొన్ని దశాబ్దాల్లో మారింది. ఒకసారి పడిన మచ్చ చెరగదని వెనుక భావించేవారు. సకాలంలో కారణాన్ని తొలగిస్తే మచ్చ తగ్గుతుందని నేడు రుజువైంది. ఆ సకాలం ఎప్పుడో తెలియాలంటే ముందుగా కాలేయం లోపలి అమరికను తెలుసుకోవాలి.

కాలేయం లోపలి అమరిక

వయోజనుల కాలేయం సుమారు 1.2 నుండి 1.5 కిలోల బరువు ఉంటుంది. నిమిషానికి దాదాపు ఒకటిన్నర లీటర్ల రక్తం దాని గుండా ప్రవహిస్తుంది. అందులో సుమారు నాలుగింట మూడు వంతులు జీర్ణాశయం, పేగులు, ప్లీహం నుండి కాలేయ నిర్వాహక సిర ద్వారా వస్తుంది. మనిషి తిన్న అన్నంలోని సారమైనా, తాగిన మద్యమైనా, మింగిన మందైనా ముందుగా ఈ దారినే కాలేయానికి చేరుతుంది.

లోపల కాలేయ కణాలు సన్నని వరుసలుగా పేర్చి ఉంటాయి. ప్రొటీన్ల తయారీ, చక్కెర నిల్వ, విషపదార్థాల విరుగుడు, పైత్యరసం ఉత్పత్తి వంటి పనులన్నీ వీటివే. వరుసల మధ్య సైనసాయిడ్లు అనే అతి సన్నని రక్తనాళికలు సాగుతాయి. చాలా అవయవాల్లోని రక్తనాళికలకు లేని ప్రత్యేకత వీటికి ఉంది. వీటి గోడలో జల్లెడ వంటి సూక్ష్మరంధ్రాలుంటాయి. రక్తంలోని పోషకాలు ఆ రంధ్రాల గుండా జారి నేరుగా కాలేయ కణాలను తాకుతాయి. కాలేయం పని సాఫీగా సాగడం ఈ జల్లెడ తెరుచుకుని ఉండడం మీదనే ఆధారపడి ఉంది.

నాళిక గోడలకు అంటిపెట్టుకుని కుప్ఫర్ కణాలు కాపలా కాస్తుంటాయి. పేగుల నుండి వచ్చే సూక్ష్మజీవులను, కణాల శిథిలాలను మింగి శుభ్రం చేయడం వాటి బాధ్యత. నాళిక గోడకూ కాలేయ కణానికీ నడుమ ఒక సన్నని సందు ఉంటుంది. ఆ సందులో నివసించేదే ఈ పాఠంలోని ముఖ్యపాత్ర, నక్షత్ర కణం.

నక్షత్ర కణం

జర్మన్ శాస్త్రజ్ఞుడు కుప్ఫర్ 1876లో బంగారు లవణంతో కాలేయపు పొరలకు రంగు వేసి చూసినప్పుడు నక్షత్రాకారంలో ఉన్న కణాలు కనిపించాయి. తరువాత కాలంలో వాటిని వేరే కణాలతో కలిపి పొరబడటం వల్ల వాటి గుర్తింపు చాలా ఏళ్లు మరుగున పడింది. 1950ల తొలినాళ్లలో జపాన్ శాస్త్రజ్ఞుడు ఇటో కొవ్వు బిందువులు నింపుకున్న కణాలను వర్ణించాడు. కుప్ఫర్ చూసిన నక్షత్ర కణాలు, ఇటో చూసిన కొవ్వు కణాలు ఒకటేనని 1971లో వాకే అనే మరో జపాన్ శాస్త్రజ్ఞుడు నిరూపించాడు. నేడు కాపలా కణాలకు కుప్ఫర్ పేరు నిలిచింది. ఆయన నాడు చూసిన కణాలు మాత్రం నక్షత్ర కణాలుగా స్థిరపడ్డాయి.

ఆరోగ్యవంతమైన కాలేయంలో నక్షత్ర కణం ప్రశాంతంగా ఉంటుంది. శరీరంలోని విటమిన్-ఎ నిల్వలో అధికభాగం దాని కొవ్వు బిందువుల్లోనే భద్రపడి ఉంటుంది. కాలేయ కణాలన్నిటిలో దీని వాటా పదో వంతుకన్నా తక్కువ. అయినా కాలేయంలో మచ్చను నేసే ప్రధానమైన నేతగాడు ఇదే.

గాయం నుండి మచ్చ వరకు

మచ్చ ఏర్పడే క్రమాన్ని నాలుగు మెట్లుగా గ్రహించవచ్చు.

మొదటి మెట్టు గాయం. వైరస్, మద్యం లేదా మితిమీరిన కొవ్వు వల్ల కాలేయ కణాలు దెబ్బతిని చనిపోతాయి. చనిపోతూ అవి తమలోని పదార్థాలను బయటికి వదులుతాయి. ఇరుగుపొరుగు కణాలకు అదే ప్రమాద సంకేతం.

రెండో మెట్టు పిలుపు. శిథిలాలను మింగిన కుప్ఫర్ కణాలు, రక్తం నుండి తరలివచ్చిన ఇతర రక్షక కణాలు రసాయన సందేశాలను వెలువరిస్తాయి. వాటిలో రెండు ముఖ్యమైనవి. టీజీఎఫ్-బీటా అనే ప్రొటీన్ మచ్చ కట్టమని ఆదేశిస్తుంది. పీడీజీఎఫ్ అనే మరో ప్రొటీన్ నక్షత్ర కణాల సంఖ్యను పెంచుతుంది.

మూడో మెట్టు రూపాంతరం. పిలుపు అందుకున్న నక్షత్ర కణం దాచుకున్న విటమిన్-ఎ బిందువులను కోల్పోతుంది. కండర కణానికి ఉండే సంకోచ గుణాన్ని సంతరించుకుంటుంది. నిల్వలు కాపాడే గిడ్డంగి వంటి కణం దారాలు నేసే మగ్గంగా మారుతుంది. ఈ కొత్త రూపానికి మయోఫైబ్రోబ్లాస్ట్ అని పేరు. కొల్లాజెన్ అనే బలమైన ప్రొటీన్ దారాలను అది ఎడతెగకుండా వెలువరిస్తుంది. పైత్యనాళాలు మూసుకుపోయే వ్యాధుల్లో ఆ నాళాల చుట్టూ ఉండే ఇతర తంతుకణాలు కూడా ఈ పనికి పూనుకుంటాయి.

నాలుగో మెట్టు సమతూకం తప్పడం. ఆరోగ్యంగా ఉన్నప్పుడు పాత కొల్లాజెన్‌ను కత్తిరించే ఎంజైములు, కొత్తది నేసే కణాలు సరితూగుతూ పనిచేస్తాయి. మేల్కొన్న నక్షత్ర కణం కొల్లాజెన్‌ను నేయడంతో ఆగదు. కత్తిరించే ఎంజైములను అడ్డుకునే టింప్ అనే ప్రొటీన్లను కూడా వదులుతుంది. నేత పెరుగుతుంది, కోత తగ్గుతుంది. దారాల మధ్య అడ్డుముడులు పడి మచ్చ బిగుసుకుంటుంది. ఆ బిగువే మరిన్ని నక్షత్ర కణాలను మేల్కొలుపుతుంది. అంటే ఒక దశ దాటాక మచ్చే మచ్చను పెంచుతుంది.

గాయం ఒక్కసారి తగిలి ఆగితే ఈ క్రమం కూడా ఆగిపోతుంది. చనిపోయిన కణాల స్థానాన్ని కొత్త కాలేయ కణాలు భర్తీ చేస్తాయి. పునరుత్పత్తిలో కాలేయానికి సాటి వచ్చే అంతర్గత అవయవం లేదు. తన కాలేయంలో కొంత భాగాన్ని దానం చేసిన వ్యక్తిలో మిగిలిన భాగం కొన్ని నెలల్లోనే దాదాపు పూర్వపు పరిమాణానికి పెరుగుతుంది. కాబట్టి ప్రమాదం ఒక్క గాయంలో లేదు. ఏళ్ల తరబడి మానకుండా కొనసాగే గాయంలోనే ఉంది.

కామెర్లు, పసరు మందు: ఒక అపోహ

ఈ సూత్రం తెలిస్తే తెలుగు కుటుంబాల్లో తరతరాలుగా వస్తున్న ఒక నమ్మకానికి కారణం కూడా తెలుస్తుంది. కామెర్లు సోకగానే పసరు తాగించడం, చేతికి వాత పెట్టించడం సొంత ఊళ్లలోనే కాక వలస వచ్చిన నగరాల్లోనూ కనిపిస్తుంది. కలుషితమైన నీరు, ఆహారం ద్వారా సోకే హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ వైరస్‌లు కామెర్లకు ముఖ్య కారణాలు. ఇవి సాధారణంగా కొన్ని వారాల్లో వాటంతట అవే శరీరాన్ని విడిచిపోతాయి. గాయం స్వల్పకాలికం గనుక మచ్చ పడదు. ఆ వారాల్లో పసరు తాగినవారికి కామెర్లు తగ్గితే, కాలేయం చేసుకున్న పనికి కీర్తి పసరుకు దక్కుతుంది.

హెపటైటిస్-బి, హెపటైటిస్-సి వైరస్‌ల సంగతి వేరు. ఇవి రక్తం ద్వారా, శుద్ధి చేయని సూదుల ద్వారా, తల్లి నుండి బిడ్డకు వ్యాపిస్తాయి. లైంగిక సంబంధం ద్వారా కూడా సోకవచ్చు, ముఖ్యంగా హెపటైటిస్-బి. కొందరిలో ఇవి దశాబ్దాల పాటు కాలేయంలో తిష్ఠ వేస్తాయి. కామెర్లు అసలే కనిపించకపోవచ్చు. అప్పుడు పసరుతో గడిపిన ప్రతి సంవత్సరం నక్షత్ర కణానికి దొరికిన అదనపు గడువే. పైగా ఏముందో తెలియని కొన్ని పసర్లు, చూర్ణాలు స్వయంగా కాలేయ కణాలను గాయపరచగలవు. కామెర్లు ఏ రకమో రక్తపరీక్షతో తేల్చుకోవడం అందుకే తొలి కర్తవ్యం.

నగర జీవనంలో గాయానికి మూలాలు

మద్యం: కాలేయ కణాలు మద్యాన్ని విరిచేటప్పుడు అసిటాల్డిహైడ్ అనే విషపదార్థం పుడుతుంది. అది కణాలను దెబ్బతీయడమే గాక, కొల్లాజెన్ నేయమని నక్షత్ర కణాన్ని నేరుగా ప్రేరేపిస్తుంది. మద్యం పేగుల గోడను కూడా బలహీనపరుస్తుంది. సూక్ష్మజీవుల విషాలు అక్కడి నుండి కాలేయానికి చేరి కుప్ఫర్ కణాలను రెచ్చగొడతాయి. ఖరీదైన మద్యమైతే హాని చేయదన్న మాటలో నిజం లేదు. ఏ సీసాలోని ఆల్కహాల్ అయినా కాలేయంలో ఇదే దారి పడుతుంది.

కొవ్వు కాలేయం: మద్యం ముట్టనివారికి కూడా కాలేయంలో కొవ్వు చేరుతుంది. మధుమేహం, పొట్ట చుట్టూ కొవ్వు, కదలిక తక్కువైన ఉద్యోగం, చక్కెర ఎక్కువగా ఉన్న పానీయాలు దీనికి తోడ్పడతాయి. కొవ్వుతో నిండిన కణాలన్నీ మచ్చకు దారితీయవు. కొందరిలో ఆ కణాలు ఉబ్బి, వాపు మొదలై, పైన చెప్పిన నాలుగు మెట్లూ కదులుతాయి. భారతీయులకు సూచించిన నడుము కొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్ల లోపు. చూడడానికి సన్నగా ఉన్నవారు సైతం ఈ కొలత దాటి ఉండవచ్చు.

వైరస్‌లు: హెపటైటిస్-బి, సి వైరస్‌లు సోకిన కాలేయ కణాలపై శరీర రక్షణ వ్యవస్థ దాడి చేస్తుంది. ఈ పోరు ముగియకపోవడమే ఇక్కడ నిరంతర గాయం.

ఒకే వ్యక్తిలో రెండు కారణాలు కలిస్తే మచ్చ మరింత వేగంగా పెరుగుతుంది. మధుమేహం ఉండి మద్యం తాగేవారు, హెపటైటిస్ ఉండి మద్యం తాగేవారు ఈ కోవలోకి వస్తారు.

మచ్చ ఎందుకు మౌనంగా పెరుగుతుంది

కాలేయపు లోపలి భాగానికి నొప్పి తెలిపే నాడులు లేవు. దానిని కప్పిన పైపొర సాగినప్పుడు మాత్రమే బరువుగానో నొప్పిగానో అనిపిస్తుంది. పైగా మచ్చ పడని భాగం మిగిలిన పనిని కూడా మోస్తుంది. అందువల్ల తంతీకరణంలో తొలి దశలు ఏ లక్షణమూ లేకుండా గడిచిపోతాయి. వైద్యులు మచ్చను సున్నా నుండి నాలుగు వరకు దశలుగా లెక్కిస్తారు. నాలుగో దశ సిర్రోసిస్. ఆ దశలో కూడా కొన్నేళ్లు ఆరోగ్యంగానే కనిపించేవారున్నారు.

కొల్లాజెన్ సందుల్లో పేరుకుంటున్నకొద్దీ నాళిక గోడలోని జల్లెడ రంధ్రాలు మూసుకుపోతాయి. ఎదురుగా రక్తం పారుతున్నా పోషకాలు కాలేయ కణానికి అందవు. మేల్కొన్న నక్షత్ర కణాలు సంకోచించి నాళికలను ఇరుకు చేస్తాయి. దారి ఇరుకైతే కాలువలో నీరు వెనక్కి ఎగదన్నినట్లు, కాలేయ నిర్వాహక సిరలో పీడనం పెరుగుతుంది. ప్లీహం ఉబ్బుతుంది, ఉబ్బిన ప్లీహంలో ప్లేట్‌లెట్లు నిలిచిపోయి రక్తంలో వాటి సంఖ్య తగ్గుతుంది. అన్నవాహికలో సిరలు ఉబ్బి చిట్లితే రక్తం కక్కుకోవడం జరుగుతుంది. పొట్టలో నీరు చేరి జలోదరం వస్తుంది. విషపదార్థాలు మెదడుకు చేరితే మగత, తికమక కలుగుతాయి. సిర్రోసిస్ ఉన్నవారికి కాలేయ క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువ. అందుకే వారికి ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ పరీక్షను సూచిస్తారు. రక్తం కక్కుకోవడం, నల్లని విరేచనం, ఆకస్మిక మగత కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చాలి.

మచ్చ తగ్గుతుందా?

గాయానికి మూలమైన కారణం తొలగితే సందేశాలు ఆగిపోతాయి. అప్పుడు మేల్కొన్న నక్షత్ర కణాలకు మూడు దారులున్నాయి. కొన్ని తమంతట తామే నశిస్తాయి. కొన్ని ముసలివై విభజన మానుకుంటాయి. మరికొన్ని తిరిగి ప్రశాంత స్థితికి చేరతాయి. 2012లో వెలువడిన ఎలుకల ప్రయోగాల్లో గాయం ఆగాక దాదాపు సగం కణాలు ఈ మూడో దారి పట్టినట్లు తేలింది. అయితే అవి గతాన్ని పూర్తిగా మరువలేదు. రెండోసారి గాయమైతే మరింత త్వరగా మేల్కొన్నాయి. మద్యం మాని కోలుకున్నవారు మళ్లీ మొదలుపెట్టరాదని వైద్యులు గట్టిగా చెప్పడానికి ఈ స్వభావం కూడా బలం చేకూరుస్తుంది. మరోవైపు టింప్ ప్రొటీన్లు తగ్గి, కత్తిరించే ఎంజైములకు స్వేచ్ఛ లభిస్తుంది. మచ్చను పిలిచిన రక్షక కణాల జాతికే చెందిన మరికొన్ని కణాలు ఇప్పుడు దారాలను జీర్ణం చేస్తాయి.

మనుషుల్లోనూ దీనికి ఆధారముంది. హెపటైటిస్-బి రోగులకు టెనోఫోవిర్ అనే మందును ఐదేళ్లు ఇచ్చిన అధ్యయనం 2013లో వెలువడింది. చికిత్సకు ముందు, తరువాత కాలేయపు ముక్కను పరీక్షించిన 348 మందిలో 96 మందికి మొదట సిర్రోసిస్ ఉంది. ఐదేళ్ల తరువాత వారిలో 71 మందికి సిర్రోసిస్ స్థాయి మచ్చ లేదు. హెపటైటిస్-సి నేడు సాధారణంగా 12 వారాల మాత్రలతో అత్యధికుల్లో పూర్తిగా నయమవుతుంది. కొవ్వు కాలేయం ఉన్నవారు శరీర బరువులో పదో వంతు తగ్గించుకోగలిగితే మచ్చ కూడా తగ్గే అవకాశం మెరుగుపడుతుంది. ఇదే వ్యాధిలో మధ్యస్థ, ముదురు దశల మచ్చకు రెస్మెటిరోమ్ అనే మందును 2024లో అమెరికా అనుమతించింది. సిర్రోసిస్ వచ్చినవారికి కాదు, ఆహార నియమం, వ్యాయామంతో పాటు వాడేందుకు మాత్రమే.

ఈ ఆశకు హద్దు కూడా ఉంది. అడ్డుముడులు పడి మందమైన పాత మచ్చను ఎంజైములు సులభంగా కత్తిరించలేవు. జలోదరం, రక్తస్రావం వచ్చిన దశలో కారణాన్ని తొలగించడం అప్పటికీ మేలే చేస్తుంది గాని, కొందరికి కాలేయ మార్పిడి తప్ప వేరే దారి ఉండదు. ఒకటో దశలో తెలుసుకోవడానికీ నాలుగో దశలో తెలుసుకోవడానికీ మధ్య ఉన్న తేడా ఇదే.

ముందుగా తెలుసుకునే మార్గం

సాధారణ రక్తపరీక్షల నివేదిక నుండే మచ్చ ముప్పును అంచనా వేసే ఫిబ్-4 అనే లెక్క ఉంది. దానికి నాలుగు అంకెలు చాలు: వయస్సు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్ల సంఖ్య. వయస్సును ఎస్‌జీఓటీతో గుణించాలి. ప్లేట్‌లెట్ల సంఖ్యను వేలలో తీసుకుని ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించాలి. మొదటి ఫలితాన్ని రెండో ఫలితంతో భాగించాలి.

ఉదాహరణకు వయస్సు 45, ఎస్‌జీఓటీ 60, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు 1,50,000 అనుకుందాం. 45ను 60తో గుణిస్తే 2,700. 64కు వర్గమూలం 8. 150ని 8తో గుణిస్తే 1,200. 2,700ను 1,200తో భాగిస్తే 2.25. ఫలితం 1.3 కన్నా తక్కువైతే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే ఎక్కువ. నడుమ ఉంటే మరో పరీక్ష అవసరం. 35 ఏళ్ల లోపువారికి ఈ లెక్క అంతగా నమ్మదగినది కాదు. 65 దాటినవారికి కింది హద్దును 2గా తీసుకుంటారు. ఈ లెక్క వ్యాధి నిర్ధారణ కాదు. వైద్యుని ముందు ఉంచవలసిన ప్రశ్న మాత్రమే. తదుపరి పరీక్షగా ఫైబ్రోస్కాన్ చేస్తారు. కోత, సూది లేకుండా ఒక చిన్న తరంగాన్ని కాలేయంలోకి పంపి అది ప్రయాణించే వేగాన్ని కొలుస్తుంది. మచ్చ పడి గట్టిపడిన కాలేయంలో తరంగం వేగంగా పోతుంది.

ఎస్‌జీపీటీ మామూలుగా ఉన్నంత మాత్రాన మచ్చ లేదని తేల్చరాదు. మధుమేహం ఉన్నవారు, చాలాకాలంగా మద్యం తాగుతున్నవారు, గతంలో రక్తం ఎక్కించుకున్నవారు, కుటుంబంలో హెపటైటిస్-బి ఉన్నవారు లక్షణాల కోసం వేచి ఉండకుండా పరీక్ష చేయించుకోవడం మంచిది.

అందుబాటులో ఉన్న సేవలు

2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద హెపటైటిస్-బి, సి పరీక్షలు, మందులు నిర్దేశిత ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. హెపటైటిస్-బి టీకా బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు వేయించాలి. తరువాతి మోతాదులు సార్వత్రిక టీకా కార్యక్రమంలో భాగంగా అందుతాయి. భారతదేశంలో తయారైన తొలి జన్యుసాంకేతిక హెపటైటిస్-బి టీకా 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ నుండి వెలువడింది. ఒకనాడు దిగుమతి ధరకు భయపడి దూరంగా ఉన్న కుటుంబాలకు ఆ టీకా చేరువైంది.

వలస వచ్చిన పెద్దలు ఆసుపత్రిలో స్థానిక భాషలో చెప్పలేక వెనుదిరిగే సందర్భాలుంటాయి. కొన్ని మాటలు తెలిస్తే ఆ ఇబ్బంది తగ్గుతుంది. కాలేయాన్ని కన్నడంలో యకృత్తు లేదా పిత్తజనకాంగ, తమిళంలో కల్లీరల్, మరాఠీలో యకృత్, ఒడియాలో యకృత అంటారు. కామెర్లను కన్నడంలో కామాలె, తమిళంలో మంజళ్ కామాలై, మరాఠీలో కావీళ్ అంటారు. లివర్ అన్న మాట అన్ని చోట్లా అర్థమవుతుంది. పాత నివేదికలను తేదీల వారీగా ఒక సంచిలో భద్రపరచి వెంట తీసుకువెళ్లడం ఏ భాషలోనైనా వైద్యునికి ఉపకరిస్తుంది.

పునశ్చరణ ప్రశ్నలు

1. ప్రశాంత స్థితిలోని నక్షత్ర కణానికీ, మేల్కొన్న నక్షత్ర కణానికీ గల తేడాలు ఏమిటి?
2. హెపటైటిస్-ఎ వల్ల కామెర్లు వచ్చినా మచ్చ పడదు. హెపటైటిస్-బి వల్ల కామెర్లు రాకున్నా మచ్చ పడవచ్చు. ఎందుకు?
3. కాలేయంలో మచ్చ పెరిగితే ప్లేట్‌లెట్ల సంఖ్య తగ్గడానికి కారణం ఏమిటి?
4. ఇంటిలోని పెద్దల రక్తపరీక్ష నివేదికలో ఫిబ్-4 లెక్కకు కావలసిన నాలుగు అంకెలను గుర్తించి లెక్క కట్టండి. ఫలితం 1.3 దాటితే దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలో వైద్యునికి చూపండి.